తమ్ముడి టైంటేబులు

మా కుట్టు కొట్లో కత్తెర పట్టేది నా తమ్ముడే. ఇరవై రెండేళ్ళవాడు. గుడ్డ మీద సుద్దముక్కతో గీత గీశాడంటే మళ్ళీ కొలవక్కర్లేదు. అలాంటివాడు నాలుగు నెలల క్రితం ఒక మధ్యాహ్నం కత్తెర పక్కన పెట్టేసి, గుండె దడదడలాడుతోందని, ఊపిరాడడం లేదని గోడకి ఆనుకుని కూలబడ్డాడు. అప్పట్నుంచీ గుడ్డ ముట్టుకుంటే చేతులు వణికేవి. నేను ముందు బద్ధకం అనుకుని నాలుగు తిట్టాను. నాకు కోపం ముక్కుమీదే ఉంటుంది.

చివరికి డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్తే, గుండెకేమీ లేదు, ఇది ఆందోళన అని మందు రాసింది. రోజుకి ఎన్ని కాఫీలని అడిగితే ఏడన్నాడు. పొద్దున ఏమీ తినడు. తెల్లారేదాకా ఫోను. ఎండ మొహం చూసి ఎన్నాళ్ళయిందో వాడికే తెలియదు. ఇవన్నీ మెల్లగా మార్చుకోమని, రోజెలా గడిచిందో నోటుబుక్కులో రాయమని, నెల తర్వాత అది చూసి మందు తగ్గించాలో వద్దో చెప్తానని అంది.

మెల్లగా అన్న మాట నా చెవికెక్కలేదు. మర్నాడే గోడకి టైంటేబులు అంటించాను. ఆరింటికి నడక, ఎనిమిదింటికి తిండి, కాఫీ ఒకటే, తొమ్మిదిన్నరకి ఫోను నా దిండు కిందకి. నోటుబుక్కులోనూ వీటికి గళ్ళు గీసి, చేసినదానికల్లా టిక్కు పెట్టమన్నాను. మొదటి వారం వణుకు తగ్గిన మాట నిజమే. ఇంకేముంది, రెచ్చిపోయాను. నడిచావా, నిద్రపోయావా, అన్నం వదిలేశావేం అని వాడి చెవిలో ఇల్లు కట్టుకుని పోరాను. రోజూ నోటుబుక్కు తెరిచి, అన్నిటికీ టిక్కులుంటే పొంగిపోయేదాన్ని. నెలాఖరుకి ఒక్క గడి ఖాళీ లేదు. ఇక మందు అక్కర్లేదని కొట్టుకి వచ్చినవాళ్ళందరికీ చెప్పుకున్నాను.

ఆస్పత్రికి వెళ్ళాల్సిన రోజు పొద్దున పాలకోసం కిందికి దిగితే, నడకకి వెళ్ళాడనుకున్న మనిషి మెట్ల కింద మోకాళ్ళు కావలించుకుని కూర్చుని ఉన్నాడు. చొక్కా చెమటకి తడిసిపోయింది. రోజూ ఇక్కడేనా అంటే తలూపాడు. నిద్రా అంతంతమాత్రమేనట. మరి ఆ టిక్కులేమిటని అరవబోయాను.

"నిద్ర పట్టలేదని రాస్తే నీ మొహం మాడిపోతుందక్కా. పడుకోగానే అదే గుర్తొస్తుంది. ఇంక నిద్రెక్కడ పడుతుంది?" అన్నాడు.

వాడి మంచికే అనుకుంటూ, వాడు భయపడేవాటిలో నేనూ ఒకదాన్నయ్యాను. ఆ టిక్కులు నమ్మి మందు ఆపేస్తే వాడేమైపోయేవాడు? సిగ్గుతో అక్కడే మెట్టు మీద కూర్చుండిపోయాను.

ఆస్పత్రిలో ఎప్పుడూ వాడి బదులు నేనే మాట్లాడతాను. ఆ రోజు నోటుబుక్కు డాక్టరమ్మ బల్ల మీద పెట్టి, "ఇవన్నీ నాకు భయపడి పెట్టిన టిక్కులు. నిజం వాడు చెప్తాడు" అని బయటికొచ్చేశాను. ముప్పావుగంట బెంచీ మీద కూర్చున్నాను. రెండుసార్లు తలుపుదాకా వెళ్ళి, నన్ను నేను తిట్టుకుని వెనక్కొచ్చాను.

వాడు బయటికొచ్చేసరికి కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. ఏమడిగింది, ఏం చెప్పావు, మందు ఉందా లేదా అన్నీ గొంతుదాకా వచ్చాయి. మింగేశాను. మందుచీటీ మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఇద్దరం రోడ్డుమీదికి వచ్చాం.

"ఆకలేస్తోందక్కా" అన్నాడు.

ఇన్ని నెలల్లో వాడు తనంతట తాను ఆ మాట అనడం అదే మొదటిసారి. నాకు ఏడుపొచ్చింది. ఏం తింటావని అడగలేదు. వాడు ఎటు నడిస్తే అటు వెనకాలే నడిచాను.