మూడు గాట్ల ఇల్లు

బెలోరిగు తాడు తెగి లోయలో పడిపోయాడని తెలియగానే రోమన్ గుత్తేదారు తితీనియస్ అడిగిన మొదటి మాట, "దోనె పగిలిందా?"

పగిలింది. నిటారు కొండకు వేలాడే చెక్క దోనెల్లోంచే బంగారు ఇసుక కడిగే నీళ్లు వస్తాయి. ఆ నీళ్లు చిన్న చక్రాన్ని తిప్పుతాయి, చక్రం చెక్క గూటాన్ని ఎత్తి కొడుతుంది. ఆ చప్పుడు వినిపిస్తున్నంతసేపూ నీళ్లు పారుతున్నట్టే. ఇప్పుడు గూటం మూగబోయింది.

మంచు కరిగి బండలు జారే రోజుల్లో ఆ కొండ జనమైన సలస్సులెవరూ దోనెలు బాగుచెయ్యడానికి తాడెక్కరు. తాతల నాటి కట్టడి అది. కానీ నది ఇప్పుడు రోమన్లదట! ఆ కొండ మీది మంచును ఏ రోమన్ తల్లి కన్నదో! కొరడా చూపించి మరీ బెలోరిగును ఎక్కించారు. అతని భార్య వీందోన కొండ అంచున నిలబడి అంతా కళ్లారా చూసింది.

"రేపు పొద్దున్నే పుల్లలు తీయండి. ఇంకొకడు ఎక్కాలి," అన్నాడు తితీనియస్. మేస్త్రి రెక్తు ఆ మాటను జనం భాషలో చెప్పాడు. రెక్తూ సలస్సే, కాకపోతే కాళ్లకు రోమన్ల చెప్పులు.

తాడెక్కే వంతు ఎవరిదో పుల్లలు తేలుస్తాయి. ఇంటికొక పుల్ల, దాని మీద ఆ ఇంటి గాట్లు. మనిషిని పోగొట్టుకున్న ఇంటి పుల్ల ఏడాది దాకా సంచిలో ఉండకూడదు. అందుకే ఊరిపెద్ద మొగెత్త వీందోన పుల్లను బయటికి తీయబోయాడు. తితీనియస్ అతని చెయ్యి పట్టుకున్నాడు.

"ఆ ఇంట్లో ఇంకో మగాడున్నాడుగా. ఉండనీ."

ఆ మగాడు మెద్దు, వీందోన మరిది. ఆమెకు మిగిలింది అతనొక్కడే.

సాయంత్రం మేకల కొట్టంలో నలభై ఇళ్లవాళ్లూ చేరారు. కింది లోయలో ఇంకో సలస్సుల ఊరి గూటం మాత్రం ఆగకుండా కొడుతూనే ఉంది.

"మా పుల్ల రాకపోతే మాకెందుకీ గొడవ?" గొణిగాడొకడు.

"రేపు రాకపోతే ఎల్లుండొస్తది. నీకోసం వేరే కొండ తెస్తారా ఏంటి?" అని కసిరింది ఒక ముసలమ్మ.

"కింద దండు దిగుంది. వెయ్యి బల్లేలు! మన దగ్గరేమున్నాయి, మేకలు కోసే కత్తులు తప్ప?"

"కత్తులు చాలు," అంది వీందోన. "పుల్లలు చెక్కడానికి."

ఎవరికీ అర్థం కాలేదు. ఆమె మొగెత్త దగ్గరున్న సంచిలోంచి తన పుల్లను తీసి పైకెత్తింది. "మా ఇంటికి మూడు గాట్లు. మీరందరూ ఇవే చెక్కండి."

ఇంకొకరి గాట్లు చెక్కడం కంటే పెద్ద దొంగతనం సలస్సుల్లో లేదు. అలా చేసినవాణ్ని మంచులో కనుమ దాటించి వెళ్లగొడతారు.

"ఇలా ఎప్పుడూ జరగలేదే తల్లీ," అన్నాడు మొగెత్త.

"ఈ రోజుల్లో తాడెక్కడం మాత్రం ఎప్పుడు జరిగింది తాతా? నేను ఇస్తుంటే దొంగతనమెట్లా అవుద్ది?"

"వదినా, ముందు నిన్నే పట్టుకుంటారు," అన్నాడు మెద్దు.

"పట్టుకోనీరా."

మొగెత్తే కత్తి తీసి మొదటి గాటు పెట్టాడు.

పొద్దున్నే సంచి తెచ్చారు. తితీనియస్ వెనక ఇరవైమంది సిపాయిలున్నారు. అతను తీసిన పుల్లను రెక్తు చదివాడు.

"మూడు గాట్లు. బెలోరిగు ఇల్లు."

"అయితే తమ్ముడు ఎక్కాలి."

"ఇంకోటి తియ్యి దొరా," అన్నాడు మొగెత్త.

రెండోదీ మూడు గాట్లే. మూడోదీ అంతే. తితీనియస్ సంచి బోర్లించాడు. నలభై పుల్లలు, నలభైటికీ మూడేసి గాట్లు.

"ఎవరిదిరా ఈ ఇల్లు?" అని అరిచాడు.

"మాది!" అన్నారు నలభై ఇళ్లవాళ్లు.

"బెలోరిగు వంతే వచ్చింది," అంది ముసలమ్మ. "లోయలో పడుకున్నాడు, పోయి లేపుకో."

రెక్తు ఆ మాటను తితీనియస్‌కు చెప్పలేదు. నేల చూస్తూ నిలబడ్డాడు.

ఎవరు చెక్కమన్నారని కొరడాలు లేచేసరికి వీందోన ముందుకు వచ్చింది. ఆమె చేతులకు గొలుసులు వేశారు. మెద్దును నలుగురు పట్టుకుని ఆపాల్సి వచ్చింది. సిపాయిలు ఆమెను కింది దారిన నడిపించుకుపోతుంటే జనం వెంట నడిచారు. మలుపు దగ్గర వీందోన ఆగింది. సిపాయి తోశాడు, ఆమె కదలలేదు, వింటోంది. తితీనియస్ కూడా చెవి రిక్కించాడు.

కబురందిన కింది లోయ సలస్సులు కూడా నీళ్లు ఆపేశారు. అక్కడి గూటం ఆగిపోయింది.