మింగేసిన కేక

కాల్చిన ఎర్ర మిరపకాయలకు తొక్క తీస్తుంటే జోర్నిత్స వేళ్ళు చురచురమన్నాయి. ఆఫీసుకు వెళ్ళేలోపు చలికాలానికి సరిపడా సీసాలు నింపాలని అత్తగారి ఆజ్ఞ. "మంటగా ఉందత్తయ్యా" అంటే, "మేమంతా తియ్యలేదూ? ఆడదన్నాక దిగమింగుకోవాలమ్మాయ్" అంది ఆవిడ. ఆవిడ చేతులు మాత్రం ఒళ్ళోంచి కదల్లేదు. భర్త ప్లామెన్ కాఫీ తాగుతూ, "ఇవాళ ఆఫీసులో నోరు అదుపులో పెట్టుకో. మళ్ళీ ఉద్యోగం ఊడగొట్టుకుని రాకు" అన్నాడు.

బల్గేరియాలో, ప్లోవ్‌దివ్ నగరంలోని ఆ ఆఫీసులో, నెలలు నిండని పిల్లల్ని ఉంచే వెచ్చటి పెట్టెలకు ప్రోగ్రాం రాస్తారు. బిడ్డ ఒంటి వేడి చూసే వైరు ఊడితే, ప్రోగ్రాంలో వేడిని కొలిచే భాగం, ఆబ్జెక్ట్ అంటారు, ఒక ఎక్సెప్షన్ విసురుతుంది. అంటే నా వల్ల కావడం లేదని కేక వేస్తుంది. ఆ కేకను అందుకునే చోట, క్యాచ్ అనే భాగంలో, గంట మోగించమని రాసింది జోర్నిత్స. మేనేజరు క్రాసిమిర్ ఆమె చేతనే ఆ వరుసలు తీయించాడు. "డెమో మధ్యలో గంట మోగితే పరువు పోతుంది తల్లీ. పట్టుకో, మింగెయ్, ముందుకు పో." ఇక వైరు ఊడినా తెర మీద ముప్ఫై ఆరున్నర అనే పాత అంకె అలాగే ఉంటుంది, లోపల బిడ్డ చల్లబడిపోతున్నా సరే. చెబితే ఉద్యోగం పోతుంది, చెప్పకపోతే ఏదో ఒక రోజు ఒక పసిప్రాణం పోతుంది. ఎవరితో చెప్పుకోవాలో తెలియక, బాత్రూంలో కుళాయి తిప్పి ఏడ్చింది. అలా ఏడవడం ఇంట్లో బాగా అలవాటైంది.

పెట్టెలు కొనే ఆసుపత్రి తరఫున డెమో చూడటానికి నార్వే నుంచి ఒక డాక్టరమ్మ వచ్చింది. పెట్టెలో బొమ్మను పడుకోబెట్టి వైరు అంటించారు.

"ఇది ఊడితే గంట మోగుతుందా?" అని డాక్టరమ్మ అడిగింది.

జోర్నిత్స తల పైకీ కిందికీ ఊగింది. బల్గేరియాలో అలా ఊపితే లేదని అర్థం, నార్వేలో అవునని. డాక్టరమ్మ నవ్వి కాగితం మీద టిక్కు పెట్టుకుంది.

"బంగారం లాంటి పొరపాటు" అని చెవిలో గొణిగాడు క్రాసిమిర్. "నువ్వు నిజమే చెప్పావు. ఆవిడే తప్పుగా అర్థం చేసుకుంది. ఊరుకో."

నిజమే. ఇంట్లోనూ తను వద్దనే చెప్పింది ఇన్నేళ్ళూ. వాళ్ళకు సరే అని వినిపించింది, తను ఊరుకుంది. ఇంకా ఊరుకుంటే, ఈసారి చచ్చేది తను కాదు, ఎవరి బిడ్డో.

జోర్నిత్స లేచి బొమ్మ ఒంటి మీది వైరు పీకేసింది. గదిలో ఏ చప్పుడూ లేదు. తెర మీద ముప్ఫై ఆరున్నర.

"మోగదు డాక్టరుగారూ" అంది. "ఆ గంట తీసేసింది నేనే."