సెయిల్ జాగల వెండి డబ్బి

సెయిల్ తీసెయ్ అన్నరు. గంతే. రెండేండ్ల పని, ఒక్క మాట!

మేం పాలమూరు కాలేజీల చిన్న శాటిలైట్ చేసినం. రెండు చేతుల్ల పట్టేంత డబ్బా. లోపల బ్యాటరీ, రేడియో, మన దిక్కు చెరువులల్ల నీళ్లు ఎంతున్నయో ఫోటోలు తీసే కెమెరా. రేడియో మా క్లాసు గిరిగాడు చేసిండు. సెయిల్ నేను చేసిన. సెయిల్ అంటే పలుచటి మెరిసే రేకు, మడతలు పెట్టి మూలకు దాచినం. శాటిలైట్ పని అయిపోయినంక గొడుగు లెక్క విచ్చుకుంటది, పైన ఉన్న గా పిసరంత గాలికే అడ్డంపడి డబ్బాను కిందికి గుంజుతది, వచ్చుకుంట వచ్చుకుంట అంతా కాలిపోతది.

గా సెయిల్ లేకపోతే ఏమైతదో ఎవ్వలకూ ఫికర్ లేదు! పైన ఇప్పుడు వేలకు వేలు శాటిలైట్లు. ఇంటర్నెట్ కంపెనీలు గుంపులకు గుంపులు పంపుతున్నయ్. రెండు ఎదురుపడితే ఒకటి ఇంజిన్ కొట్టి పక్కకు జరగాలె. మా డబ్బాకు ఇంజినే లేదు, అందరూ మమ్మల్ని చూసి తప్పుకోవాలె. గుద్దుకుంటే తునకలు, ఒక్కో తునక పోయి ఇంకోదాన్ని గుద్దుతది. పని అయిపోయినా గాడనే ఉంటే, బస్టాండ్ ముంగట నడిరోడ్డు మీద ఖరాబైన ట్రాక్టర్‌ను ఇడిసిపెట్టి ఇంటికి పోయినట్టే.

సోమవారం మా గైడ్ పరశురాం సార్ ల్యాబ్‌కొచ్చి బల్ల మీద వెండి డబ్బి పెట్టిండు.

"ఇది లోపల పెట్టాలె, సుస్మితా."

"ఏంది సార్ గిది?"

"మన కాలేజీ చైర్మన్ సార్ వాళ్ల నాయిన అస్థికలు."

గిరి కిసుక్కున నవ్విండు. సార్ నవ్వలే.

"లోపల జాగ లేదు సార్."

"అందుకే, సెయిల్ తీసెయ్."

జర సేపటికి చైర్మన్ దామోదర్ సారే వచ్చిండు. చేతిల మిర్చి బజ్జీ పొట్లం, ఎనక ఫోటోగ్రాఫర్.

"బిడ్డా, గా రేకు తీస్తే ఏమైతది?"

"కిందికి రాదు సార్. ముప్పై నలభై ఏండ్లు గాడనే తిరుగుతది."

బెదురుతడనుకున్న. మొహం ఎలిగిపోయింది! "నలభై ఏండ్లా? గదే గావాలె! చౌరస్తల విగ్రహం పెడితే కాకులు ఖరాబు చేస్తయ్. గిట్లయితే మా నాయిన చుక్కయి తిరుగుతడు."

చుక్క గాదు, చెత్త అని నోటిదాకా వచ్చింది. మింగిన. "ఏదన్న వచ్చి గుద్దితే సార్?"

"మా నాయినను గుద్దే మొగోడు ఎవడే?"

ఫోటోగ్రాఫర్ నవ్విండు. పరశురాం సార్ గూడ నవ్విండు! మాకు అంతరిక్షంల చెత్త మీద పాఠం చెప్పింది గీ నోరే. థూ.

సైన్స్‌తోని అయ్యేటట్టు లేదని దారి మార్చిన. "సార్, తాత అస్థికలు కృష్ణల కలపలేదా?"

"బీచుపల్లిల సగం కలిపినం. సగం దీనికే ఉంచినం."

"సగం నీళ్లల్ల కలిసి, సగం కలవకుంట తిరిగితే ఎట్ల సార్? మా అవ్వ అంటది, కలపకపోతే పానం దేవులాడుకుంట తిరుగుతదని. సెయిల్ ఉంటే కొన్నేండ్లకు కాలి గాలిల కలుస్తడు."

చైర్మన్ సార్ నమలుడు ఆగింది. "ఏందయ్యా పరశురాం, గీ ముచ్చట నాకెందుకు చెప్పలే? ఉంచున్రి, గా రేకు ఉంచున్రి."

గెలిచిన! గిరి చెయ్యి గట్టిగ పట్టుకున్న.

"అట్లనే సార్," అన్నడు పరశురాం సార్. "కెమెరా తీసేస్తం. జాగ అయితది."

"కెమెరా తీస్తే ఇగ అది చేసే పనేంది సార్?" నా గొంతు లేసింది.

"మా నాయినను మోస్తది గదా," అన్నడు చైర్మన్ సార్, నేనే తెలివితక్కువదాన్నన్నట్టు.

నలభై ఏండ్లు చెత్త కాకుండ ఆపబోయి, ఎగిరిన దినంనుంచే చెత్తను చేసిన్నా?

గిరి నన్ను బయటికి గుంజుకపోయిండు. "పదవే పోదాం. వాళ్లే చేసుకుంటరు, చావనీ."

"మనం పోతే ఆగుతదా?"

"ఏడ ఆగుతది? రాకెట్ల జాగకు పైసలు కట్టింది ఆయననే, ఆయన పేరు మీదనే ఉంది."

"మరి సెయిల్ ఎవలు మడతపెడతరు? ఒక్క మడత తప్పుబోతే విచ్చుకోదు. విచ్చుకోకపోతే గా పనికిరాని డబ్బా నలభై ఏండ్లు అందరికి అడ్డంపడతది."

గిరి లోపలికొచ్చి కెమెరాను వాడే ఊడదీసిండు. చెరువు ఫోటో ఒక్కటి గూడ తీయని కెమెరా. వెండి డబ్బి గా జాగలకు సరిగ్గ పట్టింది, గది చూస్తే ఇంక ఒళ్లు మండింది. సెయిల్ విప్పి మల్లొకసారి మొదటినుంచి మడతపెట్టిన. మూత బిగించే ముంగట డబ్బి ముట్టి మొక్కుతనని చైర్మన్ సార్ ముందటికొచ్చిండు. ఫోటోగ్రాఫర్ కెమెరా లేపిండు. బజ్జీ తిన్న నూనె చెయ్యి సీద మడతల మీదికే పోతాంది. మణికట్టు పట్టుకొని ఆపిన. నూనె అంటితే మడతలు అతుక్కుంటయ్.

"గ్లౌజులు తొడుక్కోన్రి సార్."

"మా నాయిననే గదనే, గ్లౌజులెందుకు?"

"మీ నాయినకు గాదు సార్. సెయిల్‌కు."