దానిమ్మకు తగ్గ తొట్టి

పొద్దున్నే బాల్కనీలో టప్పుమని శబ్దమైంది. మరదలు పరుగెత్తి చూసింది. తను పెంచుతున్న బోన్సాయ్ దానిమ్మ ప్లాస్టిక్ టబ్బును నిలువునా చీల్చేసింది. పగులులోంచి వేళ్ళు తొంగిచూస్తున్నాయి. కొమ్మల నిండా ఎర్రని చిగురు మొనలు.

“వదినా! పగలగొట్టేసింది! రా, చూడు!”

బట్టలు కుట్టే వదిన మిషను ఆపి, మెడలో టేపుతోనే వచ్చింది. “ఆకులు విచ్చుకోకముందే తొట్టి మార్చాలన్నావుగా. పద, ఇప్పుడే పోదాం.”

వేళ్ళకు తడిగుడ్డ చుట్టి, చెట్టును పసిబిడ్డలా ఒళ్ళో పెట్టుకుని బస్సెక్కారు.

మట్టిపాత్రలు చేసే ఆవిడ అప్పుడే బట్టీ తెరుస్తోంది. అరల్లో వరసగా తొట్లు చూసి మరదలికి కాలు నిలవలేదు. నిగనిగలాడే నీలం తొట్టి మీద మనసుపడి, చెట్టును అందులో నిలబెట్టింది.

“ముక్కు కంటే ముక్కుపుడక పెద్దదైనట్టుందే!” అంది వదిన.

“అవును. లోతు కూడా ఎక్కువే. చెట్టు బావిలో దిగినట్టుంది,” అంటూ మరదలు చెట్టును బయటికి తీసింది.

నలుచదరం తొట్టి పెట్టి చూశారు. వంపు తిరిగిన కాండం కింద ఆ మూలలు బిగదీసుకున్నట్టు కనిపించాయి. అంతలో ఆవిడ బట్టీ పై అరలోంచి కోలగా, లోతు తక్కువగా ఉన్న బూడిదరంగు పళ్ళెం తీసింది. దాని పక్కన చిగుళ్ళ ఎరుపు భగ్గుమంది!

వదిన టేపు పెట్టింది. “కొలిచి కుట్టినట్టుంది!”

తిరగేస్తే అడుగున కన్నం లేదు. నీళ్ళు నిలిస్తే వేళ్ళు కుళ్ళిపోతాయి.

“పళ్ళు పెట్టుకోవడానికి చేశానమ్మా,” అంది ఆవిడ. “కన్నాలు వేస్తాగానీ, పగిలితే నన్ననొద్దు. ఇలాంటిది ఇంకోటి లేదు.”

మరదలు పళ్ళేన్ని ఆవిడ చేతికిచ్చి, “వెయ్యండి,” అంది.

నీళ్ళు పోస్తుంటే డ్రిల్లు గిర్రున తిరిగింది. వదిన మరదలి చెయ్యి నలిపేసింది. ఒక కన్నం పడింది. రెండోదీ పడింది. ఆవిడ పళ్ళేన్ని ఎత్తి వేలితో మీటితే ఖంగుమంది. వెంట్రుకంత బీట కూడా లేదు!

అక్కడే అరుగు మీద కూర్చుని, వెంట తెచ్చుకున్న సామాను విప్పి, మట్టి జారిపోకుండా కన్నాలకు జాలీ వేశారు. వేళ్ళు కత్తిరించి, చెట్టును తీగతో కట్టి, మట్టి కూరారు. మరదలు దాన్ని నడిమధ్యన కాక కాస్త పక్కకు నాటింది. వాలిన కొమ్మ కింద ఖాళీ ఏర్పడి, ఏటి ఒడ్డున గాలికి ఒరిగిన పెద్ద చెట్టులా కనిపించింది. నీళ్ళు పోయగానే అడుగునుంచి బొట్లు బొట్లుగా రాలాయి.

“కారుతున్నాయి వదినా, కారుతున్నాయి!”

వదిన చప్పట్లు కొట్టింది. అటు తిప్పి, ఇటు తిప్పి చూసుకుంటూ ఉండిపోయారు. వచ్చిన బస్సు వచ్చినట్టే వెళ్ళిపోతున్నా ఇద్దరికీ పట్టలేదు.