కదపకూడని నెత్తురు

కారేపల్లి దాటాక అడవి మొదలయ్యేచోట నేను చదువు చెప్పే బడి. ఆ మధ్యాహ్నం బడి వెనక కట్టెల కుప్ప దగ్గర నాలుగో తరగతి పుష్పను పాము కరిచింది. ఏ పామో ఎవరూ చూడలేదు. నేనూ, ఆమె తండ్రి లచ్చిరామూ పిల్లను మధ్యలో కూర్చోబెట్టుకుని నా బండి మీద ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్లాం. డాక్టరు వేరే ఊరి శిబిరంలో ఉన్నారు. అక్కడ ఉన్నది నర్సు నాగలత ఒక్కరే.

ఆమె డాక్టరుతో ఫోన్లో మాట్లాడింది. పుష్ప చేతి నుంచి కొంచెం రక్తం తీసి గాజు గొట్టంలో పోసి, బల్ల మీద నిలబెట్టింది. ఇరవై నిమిషాలు దాన్ని ఎవరూ కదపొద్దంది. గడ్డకడితే విషం రక్తానికి ఎక్కనట్టు. నీళ్లలా జారితే ఎక్కినట్టు.

లచ్చిరాం ఆగలేకపోయాడు. విషానికి విరుగుడు మందు ఫ్రిజ్‌లో పెట్టుకుని ఎందుకు వెయ్యడం లేదని అరిచాడు.

"నీ బిడ్డకైతే గిట్లనే గడియారం చూసుకుంట నిలబడ్తవా?"

"నా బిడ్డకైనా గింతే అన్నా. ఆ మందు కూడా ఒక్కోసారి పానం మీదికి తెస్తది. అక్కర పడ్డదంటే నిమిషం ఆగ. నువ్వు బిడ్డతోని మాట్లాడుతుండు. మాట ముద్దగొచ్చినా, రెప్పలు వాలినా విషం నరాలకెక్కినట్టు, నాకు చెప్పు."

అతని గొంతు పెరిగినకొద్దీ ఆమె గొంతు తగ్గింది. కాసేపటికి అతను బిడ్డను తమ మేకల పేర్లు అడగసాగాడు.

నాలుగు నెలల కిందట నా భార్య హేమలత పోయిన రోజు వార్డులో అందరూ పరుగెత్తారు. నేనూ పరుగెత్తాను. ఎవరినీ తప్పుపట్టను. ఈ మనిషి మాత్రం నడుస్తోంది. మందు సీసాలు వరుసగా పేర్చింది. ఆ మందు ఒంటికి పడకపోతే వెయ్యాల్సిన సూదిని నింపి పక్కన పెట్టింది. అంబులెన్సును పిలిచింది. చేసిన ప్రతి పనికీ సమయం రాసుకుంది. మధ్యమధ్యలో వచ్చి పుష్పను మెడ ఎత్తి చూపించమంది.

ఇరవై నిమిషాలయ్యాక గొట్టాన్ని మెల్లగా వంచింది. ఎర్రటి ముద్ద అడుగునే అంటుకుని ఉంది. కదల్లేదు. రక్తం గడ్డకట్టడం పదిహేడేళ్లుగా నేను పిల్లలకు చెప్పిన పాఠమే. కళ్లతో చూడటం అదే మొదటిసారి.

"గడ్డకట్టింది. ఇప్పటికైతే విషం ఎక్కలే. అరగంటకు మళ్ల చూడాలె," అంది నాగలత.

లచ్చిరాం బిడ్డ పక్కన నేల మీద కూర్చుని మళ్లీ మేకల పేర్లు అడగసాగాడు.

అరగంట తర్వాత ఆమె కొత్త గొట్టం తీసింది. అడక్కుండానే పుష్ప రెండో చెయ్యి చాచింది.