ఎదురు తిరిగిన కాయిల్

అమెరికాలోని బెంటన్‌విల్‌లో కూతురింటికి వచ్చిన ఛాయాదేవికి నెల తిరిగేసరికి చేతులు ఊరికే ఉండలేకపోయాయి. అల్లుడు దివాకర్‌కి మాత్రం శనివారం వచ్చిందంటే గరాజ్ వదలాలనిపించదు. సైకిల్‌కి తగిలించడానికి సొంతంగా ఒక కరెంటు మోటారు తయారుచేస్తున్నాడు. చెక్కపలక మీద గుండ్రంగా తొమ్మిది రాగితీగ కాయిల్స్, వాటికెదురుగా అయస్కాంతాల చక్రం. ఎన్ని చుట్లు, ఎంత లావు తీగ అన్నీ లాప్‌టాప్‌లో లెక్కగట్టాడు. అయినా స్విచ్ వేస్తే మోటారు మూలుగుతుంది, వణుకుతుంది, తిరగదు.

ఆ ఉదయం టీ ఇవ్వడానికి వెళ్ళిన ఛాయాదేవి గుమ్మంలోనే ఆగిపోయింది. ఆ మూలుగు ఆమెకు తెలుసు. తణుకులో భర్త మోటార్ల రీవైండింగ్ షాపు నడిపిన పదకొండేళ్ళూ లోపల కూర్చుని కాయిల్స్ చుట్టింది ఆమే. ఆయనకు ఉద్యోగం వచ్చి షాపు మూసేనాటికి కూతురు అంకిత చంటిపిల్ల. తర్వాత ఆ సంగతి ఎవరూ అడగలేదు, ఆమె చెప్పలేదు.

"బాబూ, ఒక కాయిల్ ఎదురు తిరిగినట్టుంది," అంది.

"కనెక్షన్స్ రెండుసార్లు చెక్ చేశానండీ అత్తయ్యగారూ."

"కనెక్షన్లు బాగానే ఉంటాయి. చుట్టడమే ఎదురు చుట్టుంటారు. దిక్సూచి ఉందా?"

హైకింగ్ బ్యాగులోంచి తీసిచ్చాడు. అయస్కాంతాల చక్రం తీయించి, కాయిల్స్‌కి చిన్న బ్యాటరీ తగిలించమని చెప్పి, ఒక్కోదాని ముందూ దిక్సూచి పెట్టుకుంటూ పోయింది. ఏడోదాని దగ్గర ముల్లు గిర్రున వెనక్కి తిరిగింది.

"అయ్యబాబోయ్! ఇది ఫోన్ మాట్లాడుతూ చుట్టిందండీ. కొసలు అటూ ఇటూ మార్చేస్తే చాలు కదా?"

"తిరుగుతుంది. కానీ ఎంత వదులుగా ఉందో చూడండి. తీగలు రాసుకుని నాలుగు రోజుల్లో కాలిపోతుంది. విప్పేయండి."

కొత్త తీగతో తనే మొదలుపెట్టింది. మొదటి పది చుట్లూ వంకరపోయాయి. విప్పి మళ్ళీ చుట్టింది. ఈసారి వేళ్ళు దారికొచ్చాయి.

అంకిత వచ్చి, "అమ్మా, లంచ్ ఆర్డర్ చేయనా?" అనడిగింది.

"నలభై మూడు."

"ఏంటీ?"

"నలభై నాలుగు."

దివాకర్ నోటిమీద వేలు పెట్టి సైగ చేశాడు. డెబ్బై రెండో చుట్టుతో కాయిల్ పూర్తయ్యేదాకా అంకిత కదలకుండా చూసింది.

"నీకిది వచ్చని నాకెప్పుడూ చెప్పలేదేంటమ్మా?"

"నువ్వు పుట్టే ముందురోజు కూడా ఇదే పని. చుట్టుపక్కల పొలాల్లో పంపులు సగం నా చేతిమీదుగా వెళ్ళినవే," అంది ఛాయాదేవి. ఆ మాట పైకి అనడం ఆమెకే కొత్తగా, హాయిగా ఉంది.

సాయంత్రానికి చక్రం జోరుగా తిరిగింది. దివాకర్ ఎగిరి గంతేశాడు.

"మిగతా ఎనిమిదీ కూడా విప్పేద్దాం," అంది ఆమె.

"తిరుగుతోంది కదండీ!"

"తిరుగుతోంది. నాకు నచ్చలేదు."

మరో రెండు శనివారాలు పట్టింది. ఆ ఎనిమిదిలో రెండు కాయిల్స్ అంకిత చుట్టింది. ఒకటి కాస్త వంకరగా వచ్చినా గట్టిగానే ఉందని ఛాయాదేవి వదిలేసింది. దివాకర్ మోటారు బిగించిన సైకిలెక్కి ఇంటి వెనక కాలిబాటలో మిట్టంతా తొక్కకుండానే ఎక్కేశాడు. తల్లీకూతుళ్ళు కింద నిలబడి, అతను కనబడినంతసేపూ చూశారు.