రాత్రి సీసాకి అనాస

మా నాన్నగారు చిట్టియ్య మాస్టారు నరసాపురంలో పిల్లలకి లెక్కలు చెప్పి రిటైరయ్యారు. నీటికాసులు వచ్చి చూపు పోయింది గానీ పట్టుదల పోలేదు. ఆయన పట్టిన కుందేలుకి మూడే కాళ్లు. తన మాత్రలు తానే వేసుకోవాలంటారు. అలాగే ఆమధ్య, రాత్రి వేసుకోవాల్సిన నిద్రమాత్ర పొద్దున్నే వేసుకుని పెరట్లో కూలబడిపోయారు. నుదురు చిట్లింది.

నాకసలే ముక్కు మీద కోపం. ఆయన మాత్రల సీసాలు మూడూ బీరువాలో పెట్టి తాళం వేశాను.

"ఇకనుంచి నేనే వేస్తానండి. మీరు నోరు తెరిస్తే చాలు."

"ఒకరు నోట్లో పెట్టే రోజొస్తే, నన్ను మీ అమ్మ దగ్గరికి పంపించెయ్యి మెర్సీ," అన్నారు.

ఆ పూట అన్నం ముట్టలేదు. మర్నాడు ఇడ్లీ కూడా ముట్టలేదు. నేను చేసింది ఆయన మంచికే. అయినా గోడవైపు తిరిగి పడుకున్న ఆ వీపు చూస్తే నాకే ఏడుపొచ్చింది.

మా ఆయన డేనియల్ ఫోన్‌లో అలారాలు పెట్టారు. అలారానికి టైం తెలుస్తుంది గానీ సీసా తెలుస్తుందా? నేను బీరువా తాళం తీసి, సీసాలకి రబ్బరు బ్యాండ్లు తొడిగాను. ఒకటుంటే పొద్దున్నది, రెండుంటే మధ్యాహ్నానిది, మూడుంటే రాత్రిది. అవి కాస్తా ఎండిపోయి తెగిపోయాయి.

అమ్మ ఉంటే ఏం చేసేది అనుకున్నాను. మా అమ్మ సంపూర్ణమ్మ లేసు అల్లేది. ఆ సూది చేతిలో ఉంటే ఇంట్లో బాగుపడని వస్తువంటూ ఉండేది కాదు. దోమతెర చిరిగితే అక్కడో పువ్వు అల్లి కుట్టేసేది. చివరికి తెర కన్నా పూలే ఎక్కువయ్యాయి. పాలగిన్నె మీద లేసు మూత, అది గాలికి ఎగరకుండా అంచుకి నా తెగిన గొలుసు పూసలు. నాన్నగారి కళ్లజోడు కాడ ఊడితే లేసు దారంతో బిగించి ఇచ్చింది. పిల్లలు నవ్వినా ఆయన అదే పెట్టుకుని బడికి వెళ్లారు.

అమ్మ పెట్టె తెరిచాను. లేసు కొనే ఏజెంటు వద్దని వెనక్కిచ్చిన ముక్కలన్నీ అందులోనే ఉన్నాయి. మూడు ఏరాను. అనాసపండు డిజైను చేతికి గరుగ్గా తగులుతుంది. గులాబి రేకులు పైకి లేచి ఉంటాయి. గడులేమో ఉత్త చదరాలు. రాత్రి మాత్రతోనే కదా ముప్పు! అందుకని ఇట్టే తెలిసిపోయే అనాసని రాత్రి సీసాకి చుట్టి కట్టాను. మధ్యాహ్నానికి గులాబి, పొద్దున్నకి గడులు. ఏది దేనికో చెప్పి సీసాలు ఆయన చేతికిచ్చాను.

నాన్నగారు వేళ్లతో తడిమారు.

"తప్పు కట్టావమ్మా."

"తప్పేంటండి? అనాస రాత్రిదని గుర్తుపెట్టుకోండి, చాలు."

"మీ అమ్మ రాత్రిపూట అనాస ఎలా అల్లుతుంది? ఒక్క లెక్క తప్పితే పండు వంకరపోతుంది. పొద్దున్నే అరుగు మీదికి ఎండ రాగానే అనాస పట్టుకునేది. మధ్యాహ్నం అన్నాలయ్యాక పక్కింటివాళ్లతో కబుర్లాడుతూ గులాబి. రాత్రి కరెంటు పోతే గడులు. వాటికి చూపుతో పనిలేదనేది. నేను పక్కన కూచుని విసనకర్ర విసిరేవాణ్ని."

నేనూ ఆ ఇంట్లోనే పెరిగాను. అమ్మ అల్లడం రోజూ చూశాను గానీ, ఏ వేళకి ఏది అల్లుతుందో ఏనాడూ పట్టించుకోలేదు. ముళ్లు విప్పి, ఆయన చెప్పినట్టే మళ్లీ కట్టాను. సీసాలు బీరువాలోకి వెళ్లలేదు, ఆయన మంచం పక్క స్టూలు మీదే పెట్టాను.

అయినా నా అనుమానం నాది. కొన్నాళ్లు తలుపు చాటునుంచి కాపలా కాశాను. ఒక్కసారి కూడా తప్పలేదు.

ఇవాళ పొద్దున్న వంటింట్లో ఉండగా ఆయన గొంతు వినిపించింది. అమ్మ ఉన్నప్పటంత గట్టిగా.

"మెర్సీ, మీ అమ్మ అనాస మొదలెట్టేసింది. కాఫీ ఏదమ్మా?"